బి నెగెటివ్ వాళ్లిద్దరూ

పాల్వంచలో మా రక్తపరీక్షల ల్యాబుకు వచ్చిన మొదటి రోజే జ్యోత్స్న నా చేత చీవాట్లు తింది. నేను సంపూర్ణను, ఆ ల్యాబులో అందరికంటే పాతదాన్ని. సూది గుచ్చి రక్తం తీయడం, కొత్తగా చేరినవాళ్లను సతాయించడం నా పని. గొట్టాల మీద పేషెంట్ల పేర్లు రాయమంటే ఆ పిల్ల ఇంటిపేర్లతో సహా గుండ్రంగా రాసింది. తన హాజరు దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఎల్. జ్యోత్స్న' అని గీకి పడేసింది.

"ఈ ఎల్ ఏంది? నీకు ఇంటిపేరు లేదా?" అన్నాను.

"ఉంది మేడం. పొడుగు."

ఆ పేరు లావుడ్యా అని తర్వాత తెలిసింది. అంత చిన్న పేరుకు పొడుగేమిటి నా మొహం. ఇల్లందు దగ్గరి లంబాడా తండా పిల్ల. చిన్నప్పుడు హాస్టల్లో ఎవరో ఆ పేరు పట్టుకుని వెక్కిరించారట, అప్పటినుంచి దాన్ని ఒక్క అక్షరంలో దాచేసింది. ఆ సంగతి తెలిశాక నేను మళ్లీ అడగలేదు. నోరు పెద్దదే గానీ నాకూ కాస్త బుద్ధుంది.

తండ్రి బొగ్గు గనిలో పనిచేసి పోయాడు. తల్లి అంతకుముందే పోయింది. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్లూ లేరు. నాయనమ్మ సైదమ్మ పెంచి, చదివించి, ఈ ఉద్యోగం దాకా తెచ్చింది. నాకు బైబిల్ వాక్యమెంతో, జ్యోత్స్నకు ఆమె మాటంత. మేడం అనేది కాస్తా కొన్నాళ్లకు అక్కా అయ్యింది. ఇరవై ఏడేళ్లు వచ్చాయి, పెళ్లి మాట ఎత్తితే, "నాలాంటోడు దొరకాలె గదక్కా" అనేది. నీలాంటివాడు ఎందుకే, నీకంటే మెరుగైనవాడు దొరికితే చేదా అని నేననేదాన్ని.

మరి నా కాపురం చూడండి. మా ఆయన బెంజమిన్ థర్మల్ ప్లాంటులో షిఫ్టులు చేసి రిటైరైనాడు. ఆయనకు అన్నం చల్లారాలి, నాకు పొగలు రావాలి. చర్చిలో ఆయన మొదటి వరసలో కూర్చుంటాడు, నేను గాలి కోసం తలుపు దగ్గర కూర్చుంటాను. ఆయన ఫ్యాను తగ్గిస్తాడు, నేను పెంచుతాను. ఒక్క విషయంలోనూ మాకు పొత్తు కుదరలేదు. అయినా ఆయన ఊరెళ్తే నాకు ముద్ద దిగదు. ఇదేం లెక్కో నాకిప్పటికీ తెలియదు.

ఇక జ్యోత్స్న సంగతి. ఆ పిల్లది బి నెగెటివ్ రక్తం. మా వైపు నెగెటివ్ రక్తం వాళ్లంతా కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఎవరికైనా రక్తం అవసరమైతే అందులో పెడతారు, దగ్గర్లో ఉన్నవాళ్లు పోయి ఇచ్చి వస్తారు. ఒకసారి సత్తుపల్లిలో ఒక బాలింతకు కావలసి వచ్చింది. జ్యోత్స్నకు జ్వరం, పోలేకపోయింది. 'జగదీష్ కె., వేంసూరు' అనే అతను పోయి ఇచ్చాడు. ఈమె థాంక్స్ పెట్టింది. అతను, మనలాంటివాళ్లు తక్కువమంది కదండీ, ఒకరికొకరం ఆదుకోకపోతే ఎలా అని జవాబిచ్చాడు. మనలాంటివాళ్లు అన్న ఆ ఒక్క మాట దగ్గర మా పిల్ల జారిపోయింది.

అక్కడినుంచి నాకు రోజూ బులెటిన్. నేను ఎవరి చెయ్యో పట్టుకుని నరం వెతుకుతుంటే వెనక నిలబడి చెప్పేది.

"అక్కా, ఆయనకు సుత బస్సుల కిటికీ పక్క సీటే కావాల్నంట."

"బస్సెక్కినోళ్లందరికీ అదే కావాలె. పక్కకు జరుగు."

"ఆయన సుత చాయ్‌ల చక్కెర ఏసుకోడంట."

"షుగరుందేమో, ఓసారి శాంపిల్ పంపమను."

ఎంత వెటకారం చేసినా దాని ముఖంలో వెలుగు తగ్గేది కాదు. అతను వ్యవసాయ శాఖలో పనిచేస్తాడు, పామాయిల్ తోటల వెంట తిరుగుతాడు, మంచివాడే. అతనికి తల్లిదండ్రులు లేరు, మేనత్త పెంచింది. ఈమెను నాయనమ్మ పెంచింది. అది నిజంగానే పోలిక, నేను కాదనను. కానీ క్రికెట్ అంటే ప్రాణమని అతనంటే ఈమె నాకూ ప్రాణమే అని రాసిందే, దానికేమంటారు? ల్యాబులో టీవీలో మ్యాచ్ వస్తుంటే చానల్ మార్చమని గొడవ చేసే మనిషి ఇది.

"అబద్ధమెందుకు చెప్పినవే?"

"అబద్ధం కాదక్కా. ఆయన చెప్పినంక నాకు నిజంగనే ఇష్టమైనట్టు అనిపించింది."

ఏమనాలి దీన్ని? ఇద్దరిదీ నెగెటివే కాబట్టి మొగుడిది పాజిటివ్ అయితే నెగెటివ్ తల్లికి ఇచ్చే ఇంజెక్షన్ కూడా రేపు కాన్పప్పుడు అక్కర్లేదని ఒకరోజు సంబరపడింది. పెళ్లిచూపులు కాలేదు, పిల్లల సూది దాకా పోయింది ఈ మహాతల్లి.

చివరికి ఒక ఆదివారం పాల్వంచ బస్టాండు దగ్గరి హోటల్లో కలుద్దామనుకున్నారు. ఒక్కదాన్నే పోలేనని నన్ను చర్చి నుంచి అటే లాక్కుపోయింది. జగదీష్ వచ్చాడు. సన్నగా, ఎండకు నల్లబడి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి నమస్కారమండి అన్నాడు. మనిషి నాకు నచ్చాడు, దాచడం దేనికి.

చక్కెర లేని చాయ్ తెప్పించుకున్నాడు. తాగుతుంటే ఆ ముఖం చూడాలి, కషాయం పట్టించినట్టు. జ్యోత్స్నేమో, నిన్న మ్యాచ్‌ల మనోళ్లు మంచిగ ఆడిండ్రు గదా అంది. నిన్న మ్యాచే లేదు. అతను ఒక్క క్షణం ఆగి, "అవునండి, బాగా ఆడారు" అన్నాడు. నాకు నవ్వు ఆగక పల్లీ చట్నీ పొలమారింది. ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు, "ఆమె లేదుగా బాబూ, చక్కెర వేసుకో" అన్నాను. సిగ్గుపడుతూనే మూడు చెంచాలు వేసుకుని గబగబా కలిపాడు.

ఆమె తిరిగొచ్చి కూర్చుని, చాలాసేపటి నుంచి అడగాలనుకున్నది అడిగింది. "కె అంటే ఏందండి?"

అతను గ్లాసు వైపు చూశాడు. "పొడుగండి, ఇంటిపేరు."

జ్యోత్స్న కళ్లు చటుక్కున నిండాయి. ఇన్ని నెలలూ ఆ పిల్ల ఏరుకొచ్చిన పోలికలన్నీ నేను కొట్టిపారేశాను గానీ, దీనికి నా దగ్గర వెటకారం లేకపోయింది. మాది లావుడ్యా అని మెల్లగా చెప్పింది. అతను తలెత్తి చూశాడు, మాది కేలోత్ అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ లంబాడీలోకి మారిపోయారు. ఇన్నాళ్లూ ఇద్దరూ ఆ భాషను సైతం ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారన్నమాట. నేను నా ఇడ్లీ తిన్నాను.

ఇంటికొస్తూ ఆటోలో నా భుజం మీద వాలింది. "ఇంటిపేర్లు వేరైనయి అక్కా. ఒక్కటే అయ్యుంటే అన్నాచెల్లెండ్లమయ్యేటోళ్లం. మా దాంట్ల చేసుకోనియ్యరు. బతికిపోయినం."

"మీ నాయనమ్మ ఏమంటదో?"

"ఆమె అవ్ అంటేనే చేసుకుంట. లేకుంటే లేదు." ఆ మాట కచ్చితంగా చెప్పింది. "తీజ్ పండుగకు తీస్కపోత. చూస్తే ఆమెకే నచ్చుతడు."

శ్రావణంలో తండాల్లో తీజ్ జరుగుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, నీళ్లు పోసి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ మొలకలు పెంచుతారు. చివరి రోజు ఆ బుట్టలు వాగులో కలుపుతారు. అప్పుడు అన్నదమ్ములు తమ ఆడపిల్లల కాళ్లు కడుగుతారు. రేపు అత్తారింటికి పోయే పిల్ల కదా అని కడుగుతూ ఏడుస్తారట. అన్నదమ్ములు లేని జ్యోత్స్నకు ఏటా పక్కింటి రూప్లా కడిగేవాడు. ముందు తన ముగ్గురు చెల్లెళ్లవి కడిగి, ఆఖరికి ఈమె దగ్గరికొచ్చేవాడు. "అందరి కాళ్లు తడిసి ఆరినంక నా వంతు వస్తదక్కా" అని ఒకసారి చెప్పింది. అప్పుడు నవ్వుతూనే చెప్పింది గానీ ఆ నవ్వు నాకు బాగా లేదు.

ఆ చివరి రోజుకు మేం ముగ్గురం తండాకు పోయాం. బస్సు దిగి కొంత నడక. దారికి రెండు పక్కలా పత్తి చేలు, అవి దాటాక టేకు చెట్లు. జగదీష్ కొత్త చొక్కా వేసుకున్నాడు. దారంతా ఏ చేను చూసినా దానికి ఏ మందు కొట్టాలో చెబుతూ తన భయం దాచుకుంటున్నాడు. జ్యోత్స్న నాయనమ్మకు ఇంకా అసలు సంగతి చెప్పలేదు. నాతో పనిచేసే అక్క, ఒక దోస్తు వస్తున్నారని మాత్రం అంది. ముందు మనిషిని చూసి, అన్నం పెట్టి, నచ్చాక చెబుదామని దాని ఎత్తు.

సైదమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. చేతుల నిండా పాతకాలపు గాజులు, ముఖాన పచ్చబొట్టు, నడుం వంగినా గొంతు వంగలేదు. నాకు అర్థం కావాలని తెలుగులోనే మాట్లాడింది. నన్ను కూర్చోమంది, నీళ్లిచ్చింది. జగదీష్ వైపు తిరిగి, వాళ్లలో ఎవరు ఎవరిని కలిసినా మొట్టమొదట అడిగే మాట అడిగింది.

"నీ ఇంటిపేరేంది బిడ్డా?"

ఆ ప్రశ్నకు ఇన్నేళ్లూ పొడుగని తప్పించుకున్న మనిషి ఈసారి నిటారుగా నిలబడి చెప్పాడు. "కేలోత్ అవ్వా."

ముసలామె ముఖం విప్పారింది. రెండు చేతులూ చాచి అతని తల దగ్గరికి లాక్కుంది. "కేలోత్ అంటే చవానోళ్లే గదరా. మనింటి పిలగానివే. మేం లావుడ్యా, మేమూ చవానే. గా పేర్లు ఆరుంటయి, ఇల్లొక్కటే. ఆరుగురన్నదమ్ముల పిల్లలం."

నాకు ముందు అర్థం కాలేదు. జ్యోత్స్న వైపు చూస్తే అర్థమైంది. చేతిలో ఉన్న పళ్ల సంచీ అలాగే పట్టుకుని నిలబడింది.

"పేర్లు వేరు గద దాదీ" అంది.

"పేర్లేముంది. గోత్రం ఒక్కటి. పట్నంల చదివితే గీ ముచ్చట్లు ఎవరు చెప్తరు?" అని ముసలామె మళ్లీ అతని వైపు తిరిగింది. "అన్న లేడని ఏండ్ల సంది ఇది కుములుతది. రూప్లా కాలు విరిగి మంచాన పడ్డడు. ఇయ్యాల దీని కాళ్లెవరు కడుగుతరని పొద్దుటి సంది నా పానం కొట్టుకుంటున్నది. దేవుడే తోలిండు నిన్ను. జల్దీ అన్నం తినుండ్రి, వాగుకు పోవాలె."

ఆమెకు సంగతి తెలియకే అలా అన్నదా, ఇద్దరి ముఖాలూ చూసి కనిపెట్టి ముందే తలుపు మూసిందా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. రెండు రకాలుగానూ ఆలోచించాను. రెండూ నిజమే అనిపిస్తాయి.

అన్నం ఎవరికీ సహించలేదు. ముసలామె బుట్ట తేవడానికి పోగానే మేం ముగ్గురం ఇంటి వెనక పశువుల కొట్టం దగ్గరికి చేరాం. జగదీష్ గుండీ విప్పాడు, మళ్లీ పెట్టాడు.

"ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు చూస్తున్నారు? రిజిస్ట్రార్ ఆఫీసులో చేసుకుందాం" అన్నాడు. ఒక నిమిషం పోయాక, "మా అత్తతో ఏమని చెప్పాలో నాకూ తెలీట్లేదు" అన్నాడు.

జ్యోత్స్న అతని వైపు చూడలేదు. "నీతోని మాట్లాడితే మా ఇంట్ల కూసున్నట్టు ఉండేది. ఎవరితోని అట్ల అనిపించలే. నాలాంటోడు దొరికిండనుకున్న. అది ఇదేనా? ఒక్క ఇంటోళ్లమనేనా అట్ల అనిపించింది?"

"ఏమో."

"ఏమో అంటే? నీకేం అనిపించేది?"

"నాకూ అదే అనిపించేది. అందుకే భయమేస్తోంది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. "చక్కెర లేని చాయ్ అబద్ధం. క్రికెట్ అబద్ధం. ఇన్ని అబద్ధాలు మీ పెళ్లికి అడ్డం రాలేదు. ఒక్కటే గోత్రమన్న నిజం పోలిక మాత్రం అడ్డమొచ్చింది. నన్ను అడగకండి, నాకేం తోచట్లేదు" అని కసిరాను. అలా కసిరి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. పెళ్లికి అవ్ అన్నా కాదన్నా ఆ పిల్లకు ఏదో ఒకటి పోతుంది. పెంచిన ముసలామె అయినా పోవాలి, ఇతనైనా పోవాలి.

"చక్కెర అబద్ధమా?" అంది జ్యోత్స్న.

అతను తల ఊపాడు. "మూడు చెంచాలు వేసుకుంటాను."

ఆ కష్టంలోనూ దానికి చిన్నగా నవ్వొచ్చింది. "మరి నాకు క్రికెట్ అంటే అసలు పడదు" అంది. అతనూ నవ్వాడు. నాకు మరీ అయోమయం అయింది. ఏ పోలికా లేదని ఒప్పుకుంటూ నవ్వుకున్న ఆ ఒక్క నిమిషంలో, హోటల్లో కంటే, ఆ వాట్సాప్ ముచ్చట్లన్నిటికంటే వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాల్లా కనిపించారు. మేం పోట్లాడి నవ్వుకునేటప్పుడు నేనూ బెంజమినూ ఇలాగే ఉంటాం. ఆ మాట పైకి అనలేదు. అని ఏం లాభం.

అంతలో డప్పులు మొదలయ్యాయి, జ్యోత్స్నను పిలిచారు.

వాగులో నీళ్లు మోకాలి లోతు. ఆడపిల్లలు మొలకల బుట్టలు తల మీద పెట్టుకుని పాడుతూ దిగారు. మొలకలు పచ్చగా జానెడు పెరిగి ఉన్నాయి. జ్యోత్స్న బుట్టకు ఇన్ని రోజులూ ముసలామే నీళ్లు పోసిందట. బుట్టలు నీళ్లలో వదిలి పిల్లలు గట్టు మీద వరసగా నిలబడ్డారు. అన్నదమ్ములు చెంబులతో వచ్చి వంగారు. ఒక్కసారిగా ఏడుపులు లేచాయి. మీసాలున్న మగవాళ్లు చెల్లెళ్ల పాదాలు పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. అంత అందమైన పండుగ నేను చూడలేదు. నేను ప్రార్థన చేసుకునే మనిషిని, అయినా గట్టు మీద చెప్పులు విప్పి నిలబడ్డాను.

సైదమ్మ ఇత్తడి చెంబు నింపి జగదీష్ చేతిలో పెట్టింది. "పో బిడ్డా. ఈసారి నా మనవరాలు ముందుగాల."

అతను పోయి జ్యోత్స్న ముందు కూర్చున్నాడు. చెంబు ఒరిగి నీళ్లు అంచు మీదుగా అతని కొత్త చొక్కా మీదే పడుతున్నాయి. తలెత్తి చూశాడు. పొయ్యమంటే పోస్తాడు, వద్దంటే లేస్తాడు. అదంతా ముఖంలో కనబడుతోంది. తనకు తానుగా ఏమీ చెయ్యలేడు. ఆ పిల్ల అతన్ని చూసింది, గట్టు మీద చేతులు జోడించి నిలబడ్డ నాయనమ్మను చూసింది, మళ్లీ అతన్ని చూసింది. చుట్టుపక్కల ఏడుపులు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. జనం ఇటు చూస్తున్నారు. ఏది జరగాలని కోరుకుంటున్నానో నాకే తెలియలేదు.

జ్యోత్స్న వంగి అతని చేతిలోంచి చెంబు తీసుకుంది. తన కాళ్ల మీద తనే నీళ్లు పోసుకుంది. ముందు ఒక కాలు, తర్వాత ఇంకొకటి, చెంబు ఖాళీ అయ్యేదాకా. ఖాళీ చెంబు తెచ్చి నాయనమ్మ చేతికిచ్చింది.

"గట్ల చేస్తివేందే?" అంది సైదమ్మ.

"నాకు అన్న లేడు దాదీ."

ముసలామె చెంబు పట్టుకుని నిలబడిపోయింది. అవ్ అనలేదు, కాదనలేదు. జగదీష్ ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు, ముందున్న తడి మట్టిని చూస్తున్నాడు. జ్యోత్స్న వచ్చి నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది, నాడి మాత్రం చాలా వేగంగా కొట్టుకుంటోంది.